పటాల గదిలో పడ్డ బోరు పాయింటు

ఆ రోజుల్లో దయ్యాలే నన్ను చూసి భయపడతాయని నా నమ్మకం. (నమ్మకం అనే మాట అప్పట్లో నాకు గిట్టేది కాదు, "నిర్ధారణ" అనేవాణ్ణి.) హేతువాద మిత్రుల సభల్లో బల్ల గుద్ది మాట్లాడేవాణ్ణి. శ్మశానంలో కూర్చుని ఉప్మా తిన్నాం, అమావాస్య చూసుకుని మరీ ప్రయాణాలు పెట్టుకున్నాం, గ్రహణం పట్టిన వేళ పనిగట్టుకుని పకోడీలు వేయించి నడివీధిలో నిలబడి నమిలాం. ఇదంతా మంచి వెలుతురులో, చుట్టూ స్నేహితులు ఉండగా చేశామన్న సంగతి మాత్రం ఏ ఉపన్యాసంలోనూ చెప్పలేదు. చెప్పకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు, నాకే తట్టలేదు. మనిషి ధైర్యం తూకం వేయాలంటే సందెచీకటి పడాలి, కరెంటు పోవాలి, పక్కన ఒక ముసలమ్మ తప్ప ఎవరూ ఉండకూడదు. నాకు ఆ తూకం హైదరాబాదులో ఉప్పల్ పక్కనున్న చిల్కానగర్‌లో, నేను అద్దెకున్న ఇంటి ముందుగదిలో, నీళ్లు లేని ఒక ఎండాకాలంలో జరిగింది.

కోస్తా నుంచి ఉద్యోగానికని వచ్చి, నాచారం పారిశ్రామికవాడలోని ఒక చిన్న కార్ఖానాలో చేరాను. మరలు, గొట్టాలు కొలిచి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పంపడం నా పని. ఇంటి యజమానురాలిని అద్దెకున్నవాళ్లందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆవిడ భర్త ఆ ఇంటి ముందుగదిలోనే పటాలు కట్టేవాడట. దేవుళ్లవీ, పెళ్లిళ్లవీ, ఎక్కువగా చనిపోయినవాళ్లవీ. ఉప్పల్, హబ్సిగూడ వైపు నుంచి జనం ఫోటోలు తెచ్చి ఇచ్చి, చట్రం కట్టించి, అద్దం వేయించుకుని పట్టుకుపోయేవారు. కొందరు ఇచ్చి వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. ఇల్లు మారారో, ఊరే మారారో, ఏడ్చి ఏడ్చి మరిచిపోయారో తెలియదు. ఆయన పోయాక పెద్దమ్మ ఆ గదికి తాళం వేసింది గానీ పటాలను మాత్రం గోడల నిండా వరుసగా వేలాడదీసే ఉంచింది. "ఎప్పుడన్న వస్తరు బిడ్డా. వచ్చి మా నాయిన పటం ఏదమ్మా అంటే ఏమని జెప్పాలె?" అనేది. నాకది చాదస్తంగా తోచింది. ఆ గది తలుపు దాటి మా పోర్షన్లకు వెళ్లేటప్పుడు నా నడక కాస్త వేగమయ్యేదన్నది వేరే విషయం.

ఆ ఎండాకాలం మా ఇంటి బోరు ఎండిపోయింది. మోటారు వేస్తే గాలి ఈలలు వేసేది తప్ప చుక్క రాలేదు. ట్యాంకరు కోసం పొద్దున్నే బిందెలతో పోట్లాటలు మొదలయ్యాయి, అద్దెకున్నవాళ్లు వేరే ఇళ్లు వెతుక్కుంటామని పెద్దమ్మ ముఖం మీదే చెప్పడం మొదలుపెట్టారు. కొత్త బోరు వేయించక తప్పలేదు. అప్పుడు దిగాడు పెద్దమ్మ మరిది. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని నడుస్తూ, కాయ నిక్కి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పడం ఆయన విద్య. మేమంతా కాయ మామ అనేవాళ్లం. ఆయన కళ్లు సగం మూసుకుని ఆవరణంతా తిరిగాడు. అందరం ఊపిరి బిగబట్టి చూస్తుండగా కాయ సరిగ్గా పటాల గది గుమ్మంలో నిక్కింది.

"లోపలనే ఉన్నది ధార. గది కూలగొట్టాలె వదినా, లేకుంటే బండి లోపలికి రాదు."

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. నేను ఊరుకుంటానా? "కొబ్బరికాయకు భూమిలోపల నీళ్లున్నట్టు ఎలా తెలుస్తుందండీ?" అని సభలో అడిగినట్టే అడిగాను.

"దాని కడుపుల నీళ్లున్నయి గదా తమ్మి. నీళ్లను నీళ్లు గుర్తువడ్తయి. నీ తలకాయల ఏమున్నదో అది దాన్ని గుర్తువడ్తది."

అందరూ నవ్వారు. నేను భూగర్భ జలాల గురించి, కండరాల అసంకల్పిత చలనం గురించి అనర్గళంగా మాట్లాడాను. కాయ మామ నేను మాట్లాడినంతసేపూ కాయను ముద్దుగా నిమురుతూ కూర్చుని, చివర్లో "మరి నీ సైన్సుల పాయింట్ ఏడున్నదో సూపెట్టు" అన్నాడు. నాకు తెలియదు. ఆదివారం బోరుబండి వస్తుందని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. పెద్దమ్మ నా చేయి పట్టుకుంది. "సదువుకున్నోనివి. ఏదన్న దారి సూడు బిడ్డా. వాళ్లందరు నా మీద భరోసతోని ఉన్నరు." వాళ్లందరూ అంటే అద్దెకున్నవాళ్లు కాదు, గోడల మీది వాళ్లు.

మర్నాడు సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి పటాల గది తలుపు తెరిచి ఉంది. ఉంటారో పోతారో, కనీసం దుమ్మన్నా దులుపుదామని పెద్దమ్మ లోపల ఉంది. ఎప్పుడూ మూసి ఉండే కిటికీ ఆ రోజు బార్లా తెరిచింది. బయట ఖాళీ ప్లాటు, దానికవతల ఒక మేడ, అంతే. పై వరుస అందడం లేదు, స్టూలు పట్టుకోమని నన్ను పిలిచింది. గదిలో మైదా జిగురు వాసన, పాత చెక్క వాసన. స్టూలు పట్టుకున్నానో లేదో కరెంటు పోయింది. వెలుతురు ఇంకా కాస్త మిగిలి ఉంది గానీ, ముఖాలు కనిపించడం మానేసి అద్దాలు మాత్రం మసకగా మెరవసాగాయి. వీధిలో బిందెల చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు, ఎదురుగా తలపాగా చుట్టుకున్న పెద్దాయన నుదుట ఎర్రటి బొట్టు వెలిగింది.

రంగు వేసినట్టు కాదు. లోపలి నుంచి నిప్పురవ్వ పైకి తేలినట్టు. నేను కళ్లు నులుముకున్నాను. బొట్టు సన్నగా వణుకుతోంది, ఊపిరి పీలుస్తున్నట్టు. తర్వాత కదిలింది. పెద్దాయన ముక్కు మీదుగా జారి, చట్రం దాటి, పక్క పటంలోని పెళ్లికూతురి చెంప మీద ఆగింది. అక్కడినుంచి పాలబుగ్గల పసివాడి కంటి మీదికి. ఒక్కొక్క ముఖాన్నీ ఆగి ఆగి చూస్తూ పోయింది, జాతరలో తప్పిపోయిన తమ మనిషిని వెతుకుతున్నట్టు. అద్దం ఏటవాలుగా ఉన్నచోట అది తాకగానే ఎదురుగోడ మీద ఇంకో చుక్క, అంతకన్నా పలచగా, వెలిగి ఆరేది. ఈ గోడ అడుగుతోంది, ఆ గోడ జవాబు చెబుతోంది. నా మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. (కండరాల అసంకల్పిత చలనం. నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన వెంట్రుకలు కూర్చోవు.)

పెద్దమ్మ స్టూలు దిగింది. ఆవిడ గొంతులో భయం లేదు. చుట్టాలు వస్తే పలకరించినట్టు, "ఎవల కోసం వచ్చినవ్ బిడ్డా? ఎవలు గావాలె నీకు?" అంది.

చుక్క ఆగింది. ఆ ప్రశ్న విన్నట్టే ఆగింది. తర్వాత గోడ దిగి, గాలిలో మాయమై, నా తెల్ల చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర ప్రత్యక్షమైంది.

ఒక హేతువాది ఆ క్షణంలో ఏమనాలో ఏ పుస్తకమూ చెప్పదు. "నేను కాదు పెద్దమ్మా! నేను బతికే ఉన్నాను!" అన్నాను. ఆ వాదన ఎవరికి వినిపించానో, ఎందుకు వినిపించానో ఇప్పటికీ తెలియదు. చూసుకుంటే ఆవిడ చీర కొంగు నా పిడికిట్లో ఉంది. చుక్క నా చొక్కా మీద నుంచి జారి, నేల గచ్చు దగ్గర గోడ మూలకు పోయి, అక్కడ కాసేపు కదలకుండా వెలిగి ఆరిపోయింది.

"సూసినవా వదినా!" గుమ్మంలో కాయ మామ. ఎప్పుడు వచ్చాడో, నీళ్లలా చెమట కారుతోంది. "అన్ననే. సచ్చిపోయి గూడ ఇంటి బాగు సూస్తుండు. గదే పాయింట్!" ముందుకు వంగి, చుక్క ఆరిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు నాచారం నుంచి ఉప్పల్‌కు వచ్చే షేరింగ్ ఆటోలో నా పక్కన సుబేదార్ మామ కూర్చున్నాడు. సైన్యంలో చేసి రిటైరై మా కార్ఖానాలోనే సెక్యూరిటీ సూపర్‌వైజరుగా ఉండేవాడు. ఖాళీ ప్లాటు అవతలి మేడ మీద అద్దెకుండేది ఆయనే. నేను కొలతలు చూసే ఉద్యోగినని నన్ను ఇన్‌స్పెక్టర్ సాబ్ అని పిలిచేవాడు. ఆటో డీజిలు మోతలో ఆయన నా చెవి దగ్గర అరుస్తూ తన బాధ చెప్పుకున్నాడు.

"మస్తు పరేషాన్ అయితున్న ఇన్‌స్పెక్టర్ సాబ్! పాయింట్ దొరుకుతలేదు. ఎన్నిసార్లు కొట్టినా పక్కకే పోతుంది."

"మా ఇంట్లోనూ అదే గొడవ మామా! తప్పుచోట కొడితే మొత్తం పోతుంది."

"కొట్టుడు తర్వాత! మొదలు బోర్ సైటు జేయాలె. లేజర్ బోర్ సైటు మంగాయించిన. దోస్తు ఢిల్లీకెళ్లి పంపిండు. నిన్న సందె ఏళ పెట్టి సూసిన, ఎర్ర చుక్క కొట్టొచ్చినట్టు కనవడ్డది. చుక్క ఏడ పడ్తే గదే పాయింట్!"

నా ఒళ్లు మళ్లీ జలదరించింది, ఈసారి ఆనందంతో. దయ్యం కాదు, లేజరు! బోరు వేసే సైటును వెతికే యంత్రం! ఉప్పల్‌లో ఇంటి స్థలాన్ని సైటంటాం, నీళ్లబావిని బోరంటాం, నీళ్లున్న చోటును పాయింటంటాం. మూడు మాటలూ ఆయన నోటినుంచే వచ్చాయి. ఇంకేం కావాలి? "ఎంత లోతు వరకూ చూపిస్తుంది మామా?" అని అరిచాను. "దూరం ఎంతున్నా ఫికర్ లేదు! సీదా పోతది!" అని ఆయన అరిచాడు. లోతుకీ దూరానికీ మధ్య ఒక ఆటో ఇంజను ఉంది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఉప్పల్‌లో దిగి దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. "పెద్దమ్మా, అది దయ్యం కాదు! సుబేదార్ మామ లేజరు! సైన్సు!" అని గేటు దగ్గరి నుంచే అరిచాను. ఆవిడ నిదానంగా అడిగింది: "గా సైన్సు పాయింట్ ఏడున్నదన్నది బిడ్డా?"

అప్పటికి గాని నాకు వెలగలేదు. సైన్సు చూపించిన పాయింటు కూడా పటాల గదిలోనే ఉంది.

"గట్లనా" అంది పెద్దమ్మ. "కాయ అంటే వద్దంటుంటి. దయ్యమంటే బతిమాలుకుంటుంటి. సైన్సు అన్నంక ఇగ ఎవలకు జెప్పుకోవాలె?" లోపలికి వెళ్లి ఒక్కొక్క పటమే దించి, పాత చీరల ముక్కలతో తుడవసాగింది. గది ఖాళీ చేస్తే ఇంతమందినీ ఎక్కడ పెడతారని అడిగాను. "నీ రూముల. వేరే వాళ్లు భయపడ్తరు. నువ్వు భయపడవు గదా."

ఆ విధంగా నా మంచం చుట్టూ నాలుగు గోడలకూ చనిపోయినవాళ్లు ఆనుకుని కూర్చున్నారు. తలపాగా పెద్దాయన సరిగ్గా నా తలగడ వైపు. ఎటు తిరిగి పడుకున్నా ఎవరో ఒకరు కంటికి కన్ను కలిపేవారు. నేను చొక్కా మార్చుకోవడానికి స్నానాల గదికి వెళ్లడం మొదలుపెట్టాను. బోరు ఇంకో చోట పడేలా చూడమని ఆ యంత్రాన్ని ఎలాగైనా బతిమాలాలని నిశ్చయించుకున్నాను. (యంత్రాన్ని బతిమాలడం ఏ రకం హేతువాదమో అప్పుడు ఆలోచించలేదు.)

శనివారం సందెవేళ ఖాళీ ప్లాటు దాటి మేడ ఎక్కాను. మళ్లీ కరెంటు లేదు. సుబేదార్ మామ గది తలుపు ఓరగా ఉంది. లోపల చీకటి, ఎవరో చాలా నెమ్మదిగా ఊపిరి వదులుతున్న చప్పుడు. తోసి చూశాను. నేల మీద చాప, చాప మీద బోర్లా పడుకున్న సుబేదార్ మామ, ఆయన చెంపకు ఆనించిన తుపాకి. గొట్టం మూతి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ చూపు వెంట నేనూ చూశాను. మసకలో మా ఇల్లు. తెరిచిన కిటికీలో, మిగిలిన పటాలు దించుతున్న పెద్దమ్మ వీపు. ఆవిడ భుజం మీద ఎర్ర చుక్క.

"మామా! ఆవిడేం చేసింది మామా!" నా కేక నాకే వేరెవరిదో అనిపించింది.

"అరే, లొల్లి జేయకు! జీరో జేస్తున్న!"

"ఎవర్ని?!"

"ఎవర్నేంది? దీన్ని!" అని ఆయన తుపాకిని తట్టాడు. తర్వాత నా ముఖం చూసి, కిటికీలోంచి బయటికి చూసి, అక్కడ మనిషి ఉందని తెలిసి, తుపాకిని నిప్పు ముట్టుకున్నట్టు పక్కకు తిప్పేశాడు. ఆ కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుందని, అదంతా ఒట్టి గోడే అనుకున్నానని చెప్పుకున్నాడు. లోపల తూటా లేదు, పేల్చే భాగాన్నే ఊడదీసి బల్ల మీద పెట్టాడు, అయినా గొట్టాన్ని మళ్లీ కిటికీ వైపు తిప్పలేదు.

అది లైసెన్సున్న పోటీల తుపాకి. మాజీ సైనికుల పోటీకి తయారవుతున్నాడు. పైన బిగించిన చిన్న దుర్భిణి ప్రయాణంలో కదిలి, గురి తప్పింది. బోరంటే నీళ్ల బోరు కాదట, తుపాకి గొట్టం లోపలి రంధ్రమట. సైటంటే స్థలం కాదట, గురి చూసేదట. వేలెడంత లేజరు పుల్లను గొట్టం మూతిలో పెట్టి బటన్ నొక్కితే, గొట్టం ఎటు చూస్తోందో అటు ఎర్ర చుక్క పడుతుంది. అప్పుడు దుర్భిణిలోంచి చూస్తూ, దాని మరలు తిప్పి, దాని గురి ఆ చుక్క మీదికి తేవాలి. గొట్టం చూపూ, దుర్భిణి చూపూ కలవాలి. తుపాకి గురిని సరిచేయడాన్ని జీరో చేయడం అంటారు, ఇది అందులో మొదటి మెట్టు. పగటి వెలుతురులో చుక్క కనిపించదు కాబట్టి సందెవేళ.

"మరి దీంతో అయిపోయినట్టేనా మామా?" అన్నాను.

"యాడ అయితది! ఇది ఉత్త అందాజ. చుక్క సీదా పోతది, గుండు గట్ల పోదు, కిందికి దిగుతది, గాలికి జరుగుతది. ఫైరింగ్ రేంజికి పోయి కాయితం మీద కొట్టి సూడాలె. ఒక్కసారి గాదు, మల్ల మల్ల. అన్ని ఒక్క కాడ పడ్డయంటే గప్పుడు నమ్మాలె."

ఈ మాటలు నేను ఎన్ని సభల్లో ఎన్ని రకాలుగా చెప్పి ఉంటానో! అప్పుడు మాత్రం మొదటిసారి విన్నట్టు విన్నాను. అంతలో నా కేక విని పెద్దమ్మ మెట్లెక్కి రానే వచ్చింది. తుపాకిని చూసింది, కిటికీని చూసింది, తన గదిని చూసుకుంది. అంతా అర్థమైంది. సుబేదార్ మామ లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"నీకేమన్న సిగ్గున్నదా? సచ్చినోళ్ల మీద తుపాకి పెడ్తవా? ఒక్కసారి సచ్చింది సాలదా, మల్ల సంపుతవా?"

"గలతైంది అక్కా."

"నాకు జెప్పకు. వచ్చి వాళ్లకు జెప్పు."

ఆయన నిజంగానే వచ్చాడు. నా గదిలో, కొవ్వొత్తి వెలుతురులో, గోడలకు ఆనుకున్న ఆ ముఖాలన్నింటికీ ఒక్కటే సెల్యూట్ చేశాడు. నవ్వాలని ప్రయత్నించాను. రాలేదు.

ఆదివారం బోరుబండి వచ్చింది, కాయ మామ వచ్చాడు. నేను లేజరు కథంతా చెప్పాను. ఆయన తొణకలేదు. "చుక్క అబద్ధమైతే కాయ అబద్ధమైతదా?" అన్నాడు. అబద్ధమని నేననలేదు. కళ్లకు తువ్వాలు కట్టుకుని మళ్లీ మళ్లీ నడవమన్నాను, కాయ ప్రతిసారీ ఒక్కచోటే నిక్కితే నేనే గునపం పట్టి గది పడగొడతానన్నాను. వీధి వీధంతా చూస్తోంది, కాదనడానికి ఆయనకు వీల్లేకపోయింది. మొదటిసారి కాయ స్నానాల గది దగ్గర నిక్కింది. రెండోసారి బోరుబండి టైరు పక్కన. ఆ తర్వాత పెద్దమ్మ పాదాల ముందు. "అమ్మో, నా కింద నీళ్లున్నయంట! నన్ను గూడ తోడుతరా ఏంది?" అని ఆవిడ నవ్వేసరికి వీధంతా నవ్వింది. తువ్వాలు విప్పుకున్న కాయ మామ మాత్రం చాలాసేపు కాయ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో మోసం లేదు, ఆయన నిజంగానే నమ్మాడు. అప్పుడు గెలిచినవాడిగా నేను చేయవలసిన ఉపన్యాసం ఎందుకో చేయలేదు.

"గేటు కాడ కొట్టున్రి" అంది పెద్దమ్మ. "పడ్తే పడ్తయి, లేకుంటే లేదు. గది జోలికి పోవద్దు." చాలాసేపు బూడిదరంగు పొడి లేచింది. చివరికి పొడి తడిసి, సన్నటి ధార వచ్చింది. ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. తెలియదని చెప్పగలగడమే నేను ఆ వేసవిలో సంపాదించిన హేతువాదం.

పటాలు మళ్లీ గోడలెక్కాయి. కానీ కథ అక్కడ ఆగలేదు. చిల్కానగర్‌లో పటాలకు వాటంతటవే బొట్లు వెలిశాయన్న మాట రామంతాపూర్ దాకా పాకింది. చూడటానికి జనం వచ్చారు. నేను గేటు దగ్గర నిలబడి లేజరు గురించి గొంతు పోయేలా చెప్పాను, తలలూపుతూ నన్ను దాటుకుని లోపలికి పోయారు. అలా పోయిన ఒకామె పెళ్లికూతురి పటం ముందు ఆగి, "మా అక్క" అని నేల మీద కూలబడింది. తర్వాత ఒకాయన తన తండ్రిని గుర్తుపట్టాడు. ఒక్కొక్కరే వచ్చి తమవాళ్లను తువ్వాళ్లలో చుట్టుకుని పట్టుకుపోయారు. ఏళ్ల తరబడి ఎదురుచూసినా రానివాళ్లను ఒక పుకారు రప్పించింది. నేను ఆ పుకారును ఖండిస్తూ కరపత్రం వేయాలనుకున్నాను. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క పటాన్నీ సాగనంపుతుంటే వేయలేకపోయాను.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడు ఆ ఇల్లు ఖాళీ చేసి అన్నోజిగూడ వైపు వచ్చేశాను. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే పెద్దమ్మ ఒక పటం తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కళ్లద్దాల నడివయసు స్త్రీ, పటాల గదిలోనూ నా గదిలోనూ తలుపు వెనకే ఉండేది కాబట్టి సరిగ్గా చూడనేలేదు. "అందరు పోయిన్రు. ఈమె ఒక్కతే ఉన్నది. నా తర్వాత ఎవలు సూస్తరు? నువ్వు తీస్కపో."

ఇప్పుడావిడ మా హాల్లో ఉంది. నా వ్యాసాలు చదివి నన్ను చూడ్డానికి వచ్చే కుర్రవాళ్లు, నిప్పులు కక్కే కళ్లతో, అచ్చం అప్పటి నాలాంటివాళ్లు, గోడ వైపు చూసి, "మీ అమ్మగారా సార్?" అని అడుగుతారు. ఎవరో తెలియదంటే చాలా చెప్పాలి. అవునంటే అబద్ధం. "ఎవరో వచ్చి తీసుకెళ్లేదాకా మా దగ్గరే ఉంటారు" అంటాను. వాళ్లు అనుమానంగా ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. సందెవేళ కరెంటు పోతే మాత్రం, నేను ఆవిడ ఎదురుగా కూర్చుని, లైటు వచ్చేదాకా ఎటూ వెళ్లను. ఒంటరిగా ఉంటుంది కదా.